క్లిప్పుల నొప్పి పిల్లల నాటకం కాదు

సంపాదకులు గారికి,

నమస్కారం. పళ్ళకు క్లిప్పులు వేయించుకోవడం గురించి పత్రికల్లో ఎప్పుడు చూసినా రెండు ఫొటోలు పక్కపక్కన ఉంటాయి, వేయించుకోక ముందు ఒకటి, తీసేశాక ఒకటి. ఆ రెంటి మధ్య ఏడాదిన్నరో రెండేళ్ళో గడుస్తాయి. ఆ రోజులు ఎలా గడుస్తాయో ఎవరూ రాయరు, రాసినా "కాస్త ఇబ్బందిగా ఉంటుంది" అని ఒక్క ముక్కతో సరిపెడతారు. ఆ ఒక్క ముక్కను పట్టుకుని నేను నా కూతురి విషయంలో పెద్ద తప్పు చేశాను. అందుకే ఈ ఉత్తరం. పొడుగ్గా ఉంటుంది, వీలైతే కోత పెట్టకుండా వేయండి.

మా అమ్మాయికి 12 ఏళ్ళప్పుడు మొదటిసారి క్లిప్పులు వేయించాం. వేయించాం అనే అంటున్నాను, తను వేయించుకుంది అనడం లేదు, ఎందుకంటే తనని ఎవరమూ అడగలేదు. పై పళ్ళు ముందుకొచ్చాయి, పెద్దయ్యాక బాధపడుతుంది, ఇప్పుడే సరిచేయిద్దాం అని నేనూ వాళ్ళ నాన్నా అనుకున్నాం, తీసుకెళ్ళాం. నొప్పి ఉంటుందా అని తను అడిగితే అక్కడ "ఏమీ ఉండదమ్మా, అసలు తెలియనే తెలియదు" అన్నారు. నిజంగానే కుర్చీలో ఏమీ తెలియలేదు. నవ్వుతూ ఇంటికొచ్చింది, అద్దం ముందు నిలబడి పళ్ళు చూసుకుంది. సాయంత్రానికి మాట తగ్గింది. అర్ధరాత్రి నా గదిలోకి వచ్చి, "అమ్మా, లోపల ఏదో విరిగినట్టుంది, పళ్ళన్నీ ఊడిపోతాయేమో" అంది.

దానికి నేనేమన్నానో చెప్పాలంటే ఇప్పటికీ గొంతు పట్టేస్తుంది. "డాక్టరు గారు నొప్పి ఉండదన్నారుగా, అతి చేయకు, వెళ్ళి పడుకో" అన్నాను.

మర్నాడు ఏమీ తినలేకపోయింది. అప్పుడు కూడా నేను బతిమాలలేదు, కసిరాను. ఆ తర్వాత క్లిప్పుల వైరు బిగించడానికి వెళ్ళాల్సిన ప్రతిసారీ రెండు రోజుల ముందు నుంచే కడుపునొప్పి అనేది, నిద్రపోయేది కాదు. ఒకసారి కుర్చీలో కూర్చోగానే, ఇంకా ఎవరూ చెయ్యి వేయకముందే ఏడ్చింది. "చూశారా, ముట్టుకోకుండానే ఏడుస్తోంది, ఇదంతా మనసులో ఉన్నదే" అని అక్కడ ఒకరు నాతో అన్నారు. నేను తలూపాను. ఐదో నెలలో ఇక నా వల్ల కాదని తను మొండికేసింది, అన్నీ తీయించేశాం. డబ్బు పోయింది, అదలా ఉంచండి. తన మాట నమ్మని మనుషుల మధ్య ఐదు నెలలు నొప్పి భరించింది, నా బాధంతా అదీ.

"మనసులో ఉన్నదే" అన్న ఆ మాట గురించే నేను రాయాలనుకున్నది. అది సగం నిజం. మిగతా సగం తెలియకపోవడం వల్ల చాలా ఇళ్ళలో పిల్లలు, పెద్దవాళ్ళు కూడా, అక్కర్లేని బాధ పడుతున్నారు.

ముందు పంటి సంగతి. పన్ను దవడ ఎముకలో గోడకు మేకు దిగినట్టు దిగి ఉండదు. పంటి వేరుకూ ఎముకకూ మధ్య సన్నని నారపొర ఒకటి ఉంటుంది, మందం సుమారు 0.2 మిల్లీమీటర్లు. వైరు పన్నును ఒక పక్కకు తోస్తుంటే ఆ పక్క పొర నలుగుతుంది, అక్కడ రక్తప్రసరణ తగ్గుతుంది, ప్రోస్టాగ్లాండిన్లనే రసాయనాలు, అలాంటివే ఇంకొన్ని, విడుదలవుతాయి. అవి అక్కడి నరాల కొసలను ఎంత సున్నితంగా చేసేస్తాయంటే పై పన్నూ కింది పన్నూ ఊరికే తాకినా జివ్వుమంటుంది. పన్ను జరగాలంటే ఒక పక్క ఎముక కరగాలి, ఇంకో పక్క కొత్తది పెరగాలి, ఆ పని మొదలుపెట్టేది కూడా ఈ రసాయనాలే. ఇదంతా కుర్చీలో కూర్చున్న కాసేపట్లో అయ్యే పని కాదు. అందుకే నొప్పి అప్పుడు తెలియదు, ఇంటికెళ్ళిన కొన్ని గంటలకు మొదలవుతుంది, మర్నాటికి బాగా ఎక్కువవుతుంది, మూడో రోజు నుంచి తగ్గుతూ చాలామందికి వారంలోపు పోతుంది. వైరు మార్చినప్పుడూ బిగించినప్పుడూ, క్లిప్పులకు ముందు పళ్ళ సందుల్లో చిన్న రబ్బరు రింగులు పెట్టినప్పుడు కూడా వరస దాదాపు ఇదే.

ఈ వరస మాకు ముందే ఎవరైనా చెప్పి ఉంటే? కుర్చీలో ఏమీ లేదు, రాత్రికి భయంకరంగా ఉంది. చెప్పని పిల్లకు అది "ఏదో విరిగింది" అనిపించింది. చెప్పని తల్లికి అది "నాటకం" అనిపించింది. ఒక్క వాక్యం లేకపోవడం వల్ల ఇద్దరం తప్పుగా అర్థం చేసుకున్నాం.

ఇక మనసు సంగతి. అంతర్జాతీయ నొప్పి అధ్యయన సంఘం 1979లోనే నొప్పిని శరీరానికి తెలిసే అనుభవం, భావోద్వేగ అనుభవం రెండూ కలిసినదిగా నిర్వచించింది. 2020లో ఆ నిర్వచనాన్ని సవరిస్తూ ఇంకో మాట కూడా జోడించింది, ఒక మనిషి తనకు నొప్పిగా ఉందని చెప్తే ఆ మాటను గౌరవించాలని. అంటే, శరీరంలో నొప్పి ఒకటి, మనసులో నొప్పి ఇంకొకటి అని రెండు వేర్వేరు గదులు లేవు. 1965లో రొనాల్డ్ మెల్జాక్, పాట్రిక్ వాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు గేటు సిద్ధాంతం అని ఒకటి చెప్పారు. గాయం దగ్గర నుంచి వచ్చే సంకేతం నేరుగా మెదడుకు పోదు, దారిలో గేటు లాంటిది ఉంటుంది, మెదడు నుంచి కిందికి వచ్చే సంకేతాలు కూడా ఆ గేటును తెరవగలవు, మూయగలవు. ఆ తర్వాత వచ్చిన పరిశోధనలు అందులో వివరాలను చాలా మార్చాయి గానీ, మెదడు నొప్పిని ఊరికే అందుకోదు, పెంచుతుంది, తగ్గిస్తుంది అన్న అసలు విషయం నిలబడింది. భయంగా ఉన్నా, నిద్ర లేకపోయినా, ఇది ఎప్పటికి పోతుందో తెలియకపోయినా అదే పన్ను, అదే వైరు ఎక్కువ నొప్పి పెడతాయి. నిజంగానే పెడతాయి, పెట్టినట్టు అనిపించడం కాదు.

ఇక్కడ నాకు బాగా పట్టుకున్న ప్రయోగం ఒకటి ఉంది, 2011లో వచ్చింది. ఆరోగ్యంగా ఉన్నవాళ్ళ కాలికి వేడి తగిలిస్తూ, నరంలోకి చాలా బలమైన నొప్పి మందు ఎక్కించారు. మందు మోతాదు మార్చలేదు, చెప్పే మాట మాత్రం మార్చారు. ముందు చెప్పకుండానే ఎక్కించారు, తర్వాత మందు ఇప్పుడు మొదలుపెడుతున్నాం అని చెప్పగానే దాని ప్రభావం సుమారు రెండింతలైంది. మందు ఆపేశాం, ఇక నొప్పి పెరగొచ్చు అని చెప్పినప్పుడు, మందు అలాగే ఎక్కుతున్నా, అది లేనట్టే నొప్పి తిరిగొచ్చింది. నొప్పి ఉందన్నవాళ్ళు అబద్ధం చెప్పలేదు, వాళ్ళ మెదడు స్కానింగుల్లో కూడా ఆ తేడా కనిపించింది. అంత బలమైన మందునే ఒక మాట పనిచేయకుండా చేయగలిగితే, 12 ఏళ్ళ పిల్లతో "అతి చేయకు" అన్న మాట ఏం చేసి ఉంటుందో అని నేను చాలా రాత్రులు ఆలోచించాను.

నొప్పిని మనసు ఎలా పెద్దది చేస్తుందో కొలవడానికి 1995లో తయారైన ప్రశ్నావళి ఒకటి ఉంది, 13 వాక్యాలు. అది ముఖ్యంగా మూడు రకాల ఆలోచనలను పట్టుకుంటుంది, ధ్యాసంతా నొప్పి మీదే ఉండి మళ్ళీ మళ్ళీ అదే తలుచుకోవడం, ఇంకేదో ఘోరం జరగబోతోందని అనుకోవడం, నా చేతుల్లో ఏమీ లేదని నీరసించిపోవడం. చదువుతుంటే మా అమ్మాయి మాటలే వినిపించాయి. ఇందులో మూడోదే అన్నిటికంటే పిల్లను కుంగదీసిందని నాకనిపిస్తుంది. క్లిప్పులు వేయించాలని నిర్ణయించింది మేము, ఏ రోజు బిగించాలో చెప్పేది వాళ్ళు, నోరు తెరిచి పడుకోవడం తప్ప తను చేయగలిగింది ఏదీ లేదు. పైగా స్కూల్లో ఎవరో ఏదో పేరు పెట్టి పిలిచారట, అది నాకు ఏడాది తర్వాత చెప్పింది. తనకు ఇష్టం లేని దాని కోసం పడే నొప్పీ, తను కావాలనుకున్న దాని కోసం పడే నొప్పీ ఒకేలా ఉండవు.

ఇంకో మాట. పళ్ళు ఎంత వంకరగా ఉంటే అంత నొప్పి అని మనం అనుకుంటాం. పరిశోధనల్లో అలా నేరుగా ఉండే సంబంధం స్థిరంగా దొరకలేదు. ఆడపిల్లలకు ఎక్కువ, మగపిల్లలకు తక్కువ అన్నదీ ఒక్కోచోట ఒక్కోలా వచ్చింది. అందుకని "వాడికి నీకంటే గట్టిగా బిగించారు, ఒక్కరోజైనా ఏడ్చాడా" అనే పోలికలు దయచేసి మానేయండి. మగపిల్లాడివి ఏడుస్తావా అన్నది ఇంకా ఘోరం, ఏడుపు ఆగుతుంది, నొప్పి ఆగదు, పైగా ఇంకోసారి మీకు చెప్పడు.

మా అమ్మాయికి 15 ఏళ్ళొచ్చాక, తనే వచ్చి మళ్ళీ వేయించుకుంటానంది. నాకు భయమేసింది. ఈసారి వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళాం. ఆవిడ ముందు నన్ను కాదు, మా అమ్మాయిని అడిగారు, నీకెందుకు కావాలి అని. పోయినసారి ఏమైందో మొత్తం చెప్పనిచ్చారు, మధ్యలో అడ్డుపడలేదు. తర్వాత ఇలా అన్నారు: "ఈ రాత్రికి నొప్పి మొదలవుతుంది. రేపు బాగా ఉంటుంది. ఎల్లుండి నుంచి తగ్గుతుంది. పళ్ళు కాస్త కదిలినట్టు కూడా ఉంటాయి, ఊడవు. నేను పని చేస్తుంటే నీకు ఆపాలనిపిస్తే ఎడమ చెయ్యి ఎత్తు, ఆపేస్తాను." మొదటి పావుగంటలో మా అమ్మాయి రెండుసార్లు చెయ్యెత్తింది. రెండుసార్లూ ఆపారు. మూడోసారి ఎత్తలేదు.

ఇంటికి పంపుతూ ఒక కాగితం ఇచ్చారు, దాని మీద 10 సెంటీమీటర్ల గీతలు, రోజుకొకటి. ఒక చివర నొప్పి లేదు, ఇంకో చివర భరించలేనంత. ఏ రోజు ఎంత ఉందో అడ్డంగా చిన్న గీత పెట్టమన్నారు. మర్నాడు సాయంత్రం ఆవిడే ఫోన్ చేశారు, రెండు నిమిషాలు కూడా మాట్లాడలేదు. రెండో రోజు మా అమ్మాయి గీత ఏడు దగ్గర పెట్టింది. ఏడంటే తక్కువేం కాదు, బాగా నొప్పి పడిందన్నమాట. కానీ కాగితం నాకు చూపిస్తూ, "అమ్మా, ఆవిడ చెప్పినట్టే వస్తోంది" అంది. ఐదో రోజుకు ఒకటి దగ్గరికి దిగింది.

నిజమే, తను మూడేళ్ళు పెద్దదైంది, వైరు కూడా వేరేది అయి ఉండొచ్చు, ఒక్క మనిషి అనుభవం రుజువు కాదు. అయితే ఆ ఫోన్ విషయంలో మాత్రం అసలైన పరీక్షే ఉంది. 2005లో అమెరికా ఆర్థోడాంటిస్టుల పత్రికలో వచ్చింది. కొత్తగా క్లిప్పులు వేయించుకున్న 150 మందిని మూడు గుంపులు చేశారు. ఒక గుంపుకు ఫోన్ చేసి ఎలా ఉంది, ఏం చేయాలి అని పద్ధతిగా మాట్లాడారు, రెండో గుంపుకు ఫోన్ చేసి పరీక్షలో పాల్గొన్నందుకు థాంక్స్ చెప్పారంతే, మూడో గుంపుకు ఫోనే లేదు. ఫోన్ వచ్చిన రెండు గుంపుల వాళ్ళూ నొప్పి, టెన్షన్ తక్కువగా ఉన్నాయన్నారు, ఆ రెండు గుంపుల మధ్య మాత్రం తేడా రాలేదు. అంటే ఏం చెప్పారన్నది కూడా కాదు, నన్ను ఒకరు పట్టించుకున్నారు అన్నదే పనిచేసినట్టుంది. ఇది చదివాక నాకు ఊరటా కలిగింది, దుఃఖమూ కలిగింది. నా కూతురికి ఆ రాత్రి ఫోన్ కూడా అక్కర్లేదు, పక్క గదిలోనే నేనున్నాను.

డాక్టర్లకు ఒక సందేహం ఉంటుందని నాకు తెలుసు, నొప్పి గురించి ముందే చెప్తే లేని భయం పుట్టించినట్టు అవుతుందేమోనని. ఆ సందేహం ఉత్తది కాదు. కీడు జరుగుతుందని ఎదురుచూస్తే నిజంగానే బాధ కలగడాన్ని నొసీబో అంటారు, ఆ పేరు 1961 నుంచీ ఉంది. "ప్రాణాలు తోడేస్తుంది, నీ ఇష్టం" అని బంధువులు, స్నేహితులు చెప్పేది అదే పని చేస్తుంది. కానీ దానికి మందు "ఏమీ ఉండదు" అన్న అబద్ధం కాదు, ఎందుకంటే అది ఆ రాత్రికే బయటపడుతుంది, బయటపడ్డాక ఆ డాక్టరు చెప్పే ఇంకే మాటా పిల్లలు నమ్మరు. ఎప్పుడు మొదలవుతుంది, ఎప్పుడు ఎక్కువవుతుంది, ఎప్పుడు పోతుంది, అప్పటిదాకా నువ్వేం చేయొచ్చు, ఈ నాలుగూ చెప్తే చాలు. ఆ నాలుగో ముక్క అస్సలు వదిలేయకండి.

మరి ఏం చేయొచ్చు? నొప్పి మాత్రలు పనిచేస్తాయి. 2017లో, వైద్య పరిశోధనలను సమీక్షించే కాక్రేన్ అనే సంస్థ క్లిప్పుల నొప్పికి మాత్రల మీద జరిగిన పరీక్షలను కలిపి చూసి, మాత్ర వేసుకోవడం ఏమీ వేసుకోకపోవడం కంటే మేలని తేల్చింది, ఐబుప్రొఫెన్ లాంటి మందులకూ పారాసెటమాల్‌కూ మధ్య స్పష్టమైన తేడా కనిపించలేదంది. ఐబుప్రొఫెన్ లాంటివి ప్రోస్టాగ్లాండిన్లను అడ్డుకుంటాయి కాబట్టి ఎక్కువ రోజులు వాడితే పన్ను జరగడం నెమ్మదించవచ్చని జంతువుల మీద చేసిన పరీక్షల్లో కనిపించింది, అందుకే కొందరు డాక్టర్లు పారాసెటమాలే వాడమంటారు. ఏది, ఎంత అన్నది మీ డాక్టరునే అడగండి, సొంతంగా వేయకండి. మనసు వల్ల నొప్పి పెరుగుతుంది కదా అని మాత్ర ఇవ్వకుండా ఓర్చుకో అనడం ఇంకో రకం కసరడమే. రెండూ కావాలి, మాత్రా కావాలి, మాటా కావాలి. మెత్తటి తిండి, బుగ్గకు గీసుకునే చోట మైనం, తొందరగా పడుకోవడం, ఇవి అందరికీ తెలిసినవే. నేను జతచేసేది ఒక్కటి, స్కూలు పరీక్షకు ముందురోజు మాత్రం వైరు బిగించుకోకండి, అడిగితే తేదీ మారుస్తారు.

ఒక హెచ్చరిక కూడా రాయాలి. మనసు, మనసు అని నేనిన్నిసార్లు రాశానని ప్రతి నొప్పినీ క్లిప్పుల ఖాతాలో వేయకండి. వారం దాటినా తగ్గకపోతే, ఒక్క పన్నే విడిగా పోటు పెడుతుంటే, చిగురో ముఖమో వాచినా, జ్వరం వచ్చినా, వైరు గుచ్చుకుని పుండు పడుతున్నా వెంటనే డాక్టరుకు చెప్పాలి. ఆడుతూ పాడుతూ తిరిగే పిల్ల "ఈసారి నొప్పి వేరేలా ఉంది" అంటే ఆ మాట బంగారం.

పెద్దవాళ్ళు కూడా ఇప్పుడు చాలామంది క్లిప్పులో, పళ్ళకు తొడుక్కుని తీసే పారదర్శకమైన అలైనర్లో వేయించుకుంటున్నారు. వాళ్ళు ఆఫీసులో మాట్లాడలేక, తినలేక, ఎవరికైనా చెప్తే ఈ వయసులో నీకిదెందుకు అంటారని లోపల్లోపల పడుతుంటారు. వాళ్ళకూ ఇదంతా వర్తిస్తుంది.

ఇంకో విషయం మర్చిపోయేదాన్ని. 1985లో ఒక పరిశోధకుడు, పళ్ళ డాక్టరు దగ్గరికి వచ్చినవాళ్ళను ఎంత నొప్పి ఉంటుందనుకుంటున్నారని ముందు అడిగాడు, అయిపోగానే ఎంత ఉందని అడిగాడు, మూడు నెలల తర్వాత అప్పుడు ఎంత నొప్పి పుట్టిందో గుర్తుందా అని మళ్ళీ అడిగాడు. బాగా భయపడేవాళ్ళకు గుర్తున్న నొప్పి, వాళ్ళు నిజంగా పడిన నొప్పి కంటే ముందు ఊహించుకున్న నొప్పికే దగ్గరగా ఉంది. భయం, జ్ఞాపకాన్ని కూడా తిరగరాస్తుందన్నమాట. మొదటిసారి భయపెడితే, లేదా అబద్ధం చెప్పి పంపితే, ఆ మనిషి జీవితాంతం పళ్ళ డాక్టరు గుమ్మం తొక్కకపోవచ్చు. మా అమ్మాయి మూడేళ్ళకు తొక్కింది, అది తన ధైర్యం.

డాక్టర్లను నేను కోరేది రెండే, ముందు నిజం చెప్పండి, మర్నాడు ఒక ఫోన్ చేయించండి. మీరే చేయాలని లేదు, మీ దగ్గర పనిచేసేవాళ్ళు చేసినా చాలు. తల్లిదండ్రులను కోరేది, పిల్లలు నొప్పి అన్నప్పుడు ముందు "ఎక్కడ, ఎంత" అని అడగండి, మిగతా మాటలు తర్వాత. మిమ్మల్ని కోరేది, ఈసారి ఆ రెండు ఫొటోలు వేసినప్పుడు వాటి కింద మొదటి వారం ఎలా ఉంటుందో రోజులవారీగా నాలుగు వాక్యాలు వేయండి.

మా అమ్మాయి రెండోసారి క్లిప్పులు వేయించుకుని ఇప్పుడు 14వ నెల నడుస్తోంది. పోయిన వారం వైరు మార్చారు. సాయంత్రానికి నొప్పి మొదలవుతుందని తెలుసు కాబట్టి మధ్యాహ్నమే కడుపునిండా తినేసింది, రేపటికి మెత్తగా ఏదైనా చేసిపెట్టమని నాకు చెప్పింది, కాగితం మీద గీత గీసి తేదీ వేసి చదువుకోవడానికి కూర్చుంది.

ఇట్లు,
మీ పాఠకురాలు, ఒక తల్లి